అప్పు ఇస్తే బతుకు మారుతుందా? కూలి పెరిగితే మారుతుందా?

పండితుల లెక్కలను కూలి జనం ఎందుకు చదవాలి

మన గురించి చాలా పుస్తకాలు వచ్చాయి. కూలోడు అప్పు ఎందుకు చేస్తాడు, తెచ్చిన అప్పును దేనికి వాడతాడు, బీమా ఎందుకు కట్టడు, చేతిలో నాలుగు పైసలు పడితే ఏం కొంటాడు - వీటన్నిటి మీదా పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరిగాయి, జరుగుతున్నాయి. వాటికి ద్రవ్య శాస్త్రమనీ, నిర్వహణ శాస్త్రమనీ, వినియోగదారుల ప్రవర్తన అనీ రకరకాల పేర్లున్నాయి. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఎవరి ఇంటి గుట్టు అందులో రాశారో ఆ ఇంటికి మాత్రం అందులోని ఒక్క ముక్క చేరలేదు.

ఎల్లారెడ్డిపేట మండలంలో కూలీల సమావేశాల్లో మేము ఈ సంగతి ఎత్తినప్పుడు ఒక కైకిలి తల్లి అన్న మాట ఇది: "రాసుకపోయేటోళ్లు మస్తుమంది అచ్చిండ్రు బిడ్డా. సదివి ఇనిపిచ్చినోడు ఒక్కడు రాలే."

పరిశోధనల పట్ల మన వాళ్లలో రెండు రకాల ధోరణులు కనిపిస్తాయి. పైవాళ్లు రాసింది మనకెందుకని తోసేసేవాళ్లు కొందరు. పెద్ద చదువులవాళ్లు చెప్పారు గనుక నిజమేనని తలూపేవాళ్లు మరికొందరు. రెండూ కూలి జనానికి పనికిరావు. తరాజు షావుకారుదే కావచ్చు. కానీ అందులో తూచింది మన ధాన్యం. తూకం ఎంత వచ్చిందో మనం చూసుకోవద్దా?

తెలుగు నేల మీద జరిగిన మూడు పరిశోధనలను ఇక్కడ చూద్దాం. ఒకటి అప్పు మీద, రెండోది బీమా మీద, మూడోది పని మీద. మూడూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. చిన్న అప్పు చేతికిచ్చినంత మాత్రాన బీదల బతుకు మారలేదు. పని దొరికి, దాని కూలి సక్రమంగా చేతికి వచ్చినచోట మారింది. ఇది మన నినాదం కాదు. వాళ్ల లెక్కే.

బస్తీల్లో జరిగిన పరీక్ష

2005లో హైదరాబాదు బీదల బస్తీల్లో ఒక పరిశోధన మొదలైంది. చేసినవారు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్. వీరిలో మొదటి ఇద్దరికీ 2019లో మైకేల్ క్రెమర్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజుల్లో సూక్ష్మరుణం బీదరికానికి దివ్యౌషధమని దేశదేశాల్లో ప్రచారం జరుగుతున్నది. ఆ మాటలో నిజమెంతో తేల్చాలని వీరు పూనుకున్నారు.

స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరవదలచిన 104 బస్తీలను తీసుకున్నారు. చీటీలు తీసినట్టు తీసి, 52 బస్తీల్లో ముందుగా శాఖలు తెరిపించారు. మిగతా 52 బస్తీల్లో అప్పటికి తెరవలేదు. కొత్త ఎరువు గుణం తెలుసుకోవడానికి సగం మడుల్లో చల్లి, సగం మడులు వదిలేసి, కోతలయ్యాక రెండూ తూచి చూసినట్టన్నమాట. సుమారు ఏడాదిన్నర తర్వాత 6,800కు పైగా కుటుంబాలను కలిసి లెక్కలు అడిగారు. మరో రెండేళ్లకు మళ్లీ అడిగారు.

అప్పు ఎట్లా ఇచ్చేవారు? ఆరుగురి నుంచి పదిమంది దాకా ఆడవాళ్లు ఒక గ్రూపు. ఒకరి బాకీకి అందరూ పూచీ. మొదటి అప్పు 10,000 రూపాయల దాకా. తీర్చే గడువు 50 వారాలు. వడ్డీ 12 శాతం అన్నారు. మన భాషలో నూటికి రూపాయి మిత్తి. వినడానికి చవకే.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. 10,000 మీద వడ్డీ 1,200. మొత్తం 11,200 రూపాయలు. 50 వారాలకు పంచితే వారానికి 224 రూపాయల కిస్తీ. కానీ ఆ పదివేలూ ఏడాది పొడుగునా మన చేతిలో ఉండవు. రెండో వారం నుంచే అసలు కరుగుతూ వస్తుంది. ఇరవై అయిదో వారం నాటికి సగం తీరిపోతుంది. అయినా వడ్డీ మాత్రం మొదటి రోజు పదివేల మీదనే పడుతుంది. ఏడాది మొత్తం మీద సగటున మన దగ్గరున్నది ఇంచుమించు అయిదు వేలే గనుక, నిజంగా పడిన మిత్తి నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. పరిశోధకులు కూడా ఈ లెక్కే రాశారు. ఊళ్లో ఆసామి దగ్గర మిత్తి ఇంతకన్నా ఎక్కువ ఉండవచ్చు, కాదనం. కానీ రూపాయి అని చెప్పి రెండు రూపాయలు గుంజడాన్ని ఏమంటారో మన జనానికి తెలుసు.

ఇక ఫలితాలు. 'సూక్ష్మరుణం అద్భుతమేనా?' అన్న ప్రశ్నే పేరుగా 2015లో ఈ పరిశోధన అచ్చయింది. శాఖలు తెరిచిన బస్తీల్లో నూటికి 27 కుటుంబాలు సూక్ష్మరుణ సంస్థల అప్పు తీసుకున్నాయి. తెరవని బస్తీల్లోనూ వేరే సంస్థల నుంచి నూటికి 18 కుటుంబాలు తీసుకున్నాయి. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి కొంత పెంచుకున్నారు. లాభం పెరిగింది మాత్రం అందరికన్నా పైన ఉన్న కొద్దిమందికే. ఇంటి మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో తేడా కనిపించలేదు. ఇదే సమయంలో బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకో దేశాల్లో జరిగిన పరిశోధనలు కూడా దీని పక్కనే అచ్చయ్యాయి. చిన్న అప్పు బతుకులను మార్చేసిందని వాటిలో ఏదీ తేల్చలేదు.

ఈ పరిశోధనలో ఇంకో ముచ్చట ఉన్నది. పొగాకు, తమలపాకు, కల్లు సారాయి, జూదం, బయట కొనుక్కుని తినే తిండి - వీటన్నిటినీ కలిపి 'మోజు సరుకులు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అప్పు దొరికిన బస్తీల్లో వీటి మీద ఖర్చు తగ్గింది, సామాను కొనుగోలు పెరిగింది అని లెక్క తేలింది. అంటే కిస్తీ కట్టడానికి బీదవాళ్లు నోరు కట్టుకున్నారు. ఇది వాళ్ల లెక్కలో మంచి మార్పు. తెల్లారకముందే సద్ది లేకుండా అడ్డా మీదికి వచ్చిన కూలి హోటల్లో రెండు ఇడ్లీలు తింటే అది మోజా, ఆకలా? పట్టికలో గడి ఒకటే. ఆ గడికి పేరు పెట్టింది తిన్నవాడు కాదు.

సగటు చెప్పని సంగతులు

పరిశోధన చెప్పేది సగటు. మానేరు సగటున మోకాలి లోతే కావచ్చు. మడుగులో కాలు పెట్టినవాడికి ఆ సగటు పనికిరాదు. వారం కిస్తీ కట్టలేని ఇల్లాలికి గ్రూపులో జరిగిన అవమానం, ఒక సంస్థ బాకీ తీర్చడానికి ఇంకో సంస్థ దగ్గర చేసిన అప్పు - ఇవి సగటులో కనబడవు. కానీ అవి పేరుకుంటూ వచ్చాయి.

2006 మార్చిలో కృష్ణా జిల్లాలో ఇది బద్దలయింది. వడ్డీల మీద, వసూళ్ల పద్ధతుల మీద జనం మొరపెట్టుకోగా జిల్లా అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలు 50 దాకా మూసివేశారు. తర్వాత కొంత సర్దుబాటు జరిగింది, శాఖలు తెరుచుకున్నాయి, అప్పులు ఇంకా పెరిగాయి. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. అనే సంస్థ వాటాలు స్టాక్ మార్కెట్‌కెక్కాయి. ఒక్కో వాటా 985 రూపాయలకు అమ్మింది. బీద ఆడవాళ్ల కిస్తీల మీద అక్కడ కోట్లు పోగుపడ్డాయి. ఇక్కడ పల్లెల్లో అదే కిస్తీల ఒత్తిడికి తాళలేక జనం ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు రోజూ పత్రికల్లో వచ్చాయి.

2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత దాన్ని చట్టం చేసింది. ప్రతి సంస్థా జిల్లాలో నమోదు చేసుకోవాలి. వారం కిస్తీ పోయి నెల కిస్తీ రావాలి. ఇంటి గడప ముందు కాకుండా పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే వసూలు జరగాలి. అసలును మించి వడ్డీ గుంజరాదు. ఈ షరతులతో వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. కొత్త అప్పులూ ఆగిపోయాయి.

ఇక్కడ మనకు నచ్చని లెక్క ఒకటున్నది. దాన్నీ దాచకుండా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో వసూళ్లు ఆగిపోగా నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లో కూడా అప్పులు ఇవ్వడం తగ్గించుకున్నాయి. ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ అనే పరిశోధకులు ఆ రాష్ట్రాల జిల్లాలను పరిశీలించి 2021లో ఫలితాలు ప్రచురించారు. అప్పు ఒక్కసారిగా ఎండిపోయిన జిల్లాల్లో దినకూలి పడిపోయింది, కుటుంబాల ఖర్చూ తగ్గింది. చిన్న వ్యాపారాలు కుంటుపడి పని ఇచ్చేవాళ్లు తగ్గారు. అసలు అప్పే తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలింది. కాబట్టి అప్పే వద్దనడం మన మాట కాదు. న్యాయమైన మిత్తికి, పంట చేతికొచ్చే కాలం చూసి తీర్చుకునే గడువుతో బ్యాంకులే అప్పు ఇవ్వాలి. అయితే ఈ లెక్కలో కూడా గమనించాల్సింది ఏమిటి? దెబ్బ పడ్డది చివరికి కూలి మీద. బీదవాడి నాడి కూలి దగ్గరే కొట్టుకుంటుంది.

మళ్లీ గ్రూపులు వస్తున్నాయి

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాలకు కొత్త నిబంధనలు చేసింది. వడ్డీ ఇంతకు మించరాదన్న పాత పరిమితిని తీసేసి, రేటు నిర్ణయం కంపెనీలకే వదిలింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద నమోదయిన ఫైనాన్స్ కంపెనీలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. దాంతో ఆగిపోయిన గ్రూపులు మళ్లీ తల ఎత్తుతున్నాయి. మా వైపు బీడీలు చుట్టే తల్లులు, దుబాయికి పోయిన కొడుకుల కోసం చేసిన బాకీలు మోస్తున్న ఇళ్లు, సిరిసిల్లలో సాంచాల మీద పని సన్నగిల్లి కైకిలికి వస్తున్న కుటుంబాలు - అప్పు అవసరం లేని గడప లేదు. అప్పు అవసరమైన చోటికి అప్పు ఇచ్చేవాడు వెతుక్కుంటూ వస్తాడు. అందుకే వచ్చే ముందే లెక్క తెలిసి ఉండాలి.

పాలమూరులో వాన బీమా

రెండో పరిశోధన కరువు జిల్లాల్లో జరిగింది. 2003లో బేసిక్స్ అనే సంస్థ, ఐసిఐసిఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వాన బీమా అమ్మడం మొదలుపెట్టాయి. పంట ఎంత పోయిందని చూడరు. వానమాపకంలో ఇన్ని మిల్లీమీటర్లకు తక్కువ పడితే ఇంత సొమ్ము ఇస్తారు. వాన మీదే బతికే రైతులు దీనికి ఎగబడాలి గదా? ఎగబడలేదు. ఎందుకో తెలుసుకోవాలని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు, ఇతర పండితులు ఏళ్ల తరబడి మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లోనూ, గుజరాత్‌లోనూ పరిశోధించారు.

తేలిందేమిటి? అమ్మేవాడిని నమ్మదగిన మనిషి పరిచయం చేస్తే కొనేవాళ్లు పెరిగారు. ఇంకా ముఖ్యంగా, ఇంటికి వెళ్లినప్పుడు కొందరికి ఒక పాలసీ కొనడానికి సరిపడా నగదు చేతిలో పెట్టి చూశారు. అట్లా పెట్టినచోట కొన్నవాళ్లు రెట్టింపును మించిపోయారు. అంటే రైతుకు తెలివి లేక కాదు, విత్తనాల రోజుల్లో చేతిలో పైస లేక కొనలేదు. పేదోడికి పొదుపు తెలవదు, ముందుచూపు లేదు అని ఉపన్యాసాలిచ్చేవాళ్లకు వాళ్ల పండితులే ఇచ్చిన జవాబు ఇది.

కరువు పని చెప్పిన లెక్క

మూడోది మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. మన పాత కరీంనగర్ జిల్లా మొదటి విడతలోనే ఉన్నది. జనం దానికి పెట్టుకున్న పేరు కరువు పని. పని చేసిన పైసలు నెలల తరబడి రాకపోవడం, మస్టర్లలో దొంగ పేర్లు ఎక్కడం అందరం ఎరిగినవే.

2010 - 2012 మధ్య ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూలి డబ్బులు, పింఛన్లు వేలిముద్ర కార్డుల ద్వారా ఊళ్లోనే ఇచ్చే పద్ధతి తెచ్చింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే పరిశోధకులు ప్రభుత్వంతో మాట్లాడి, ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ఈ పద్ధతి ముందు రావాలో, ఏ మండలానికి తర్వాత రావాలో చీటీల పద్ధతిన నిర్ణయింపజేశారు. ఆ ప్రాంతంలో కోటీ తొంభై లక్షల మంది జనం ఉన్నారు. 2016లో మొదటి ఫలితాలు వచ్చాయి: ముందు వచ్చిన మండలాల్లో కూలి త్వరగా అందింది, మధ్యలో మింగేది తగ్గింది.

అసలు ముచ్చట 2023లో అచ్చయిన రెండో భాగంలో ఉన్నది. పథకం సక్రమంగా నడిచిన మండలాల్లో లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. పేదరికం 26 శాతం తగ్గింది. ఆ పెరిగిన సంపాదన కరువు పనిలోంచి వచ్చిందా? కాదు! పెరిగిన ప్రతి వంద రూపాయల్లో 86 రూపాయలు బయటి పనుల్లోంచి వచ్చాయి. అంటే బయట కూలి రేటు పెరిగింది, పని దొరకడమూ పెరిగింది.

ఇది ఎట్లా జరిగింది? మన భాషలో చెప్పుకుందాం. "ఎంత కూలి ఇస్తే గడప దాటి వస్తవు?" అని అడిగితే, కరువు పని నడవనప్పుడు కూలి చెప్పే జవాబు వేరు, నడిచినప్పుడు చెప్పే జవాబు వేరు. ఇంకోచోట పని ఉన్నదన్న ధైర్యం ఉంటే తక్కువ కూలికి "రాను" అనగలడు. ఆ రాను అన్న మాటకే రేటు పెరిగింది. పరిశోధకులు దీన్ని కూడా కొలిచారు. కూలీలు అడిగే కనీస రేటు పెరిగింది. భూమి మీద యజమానికి మిగిలేది తగ్గింది. కూలి పెరిగితే పని తగ్గిపోతుందని భయపెట్టే మాట కూడా నిలవలేదు. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడ్డ ఊళ్లలోనే పని ఎక్కువ పెరిగింది. అప్పటిదాకా అక్కడ కూలి తక్కువగా ఉన్నది పంట పండక కాదు, పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే కావడంవల్ల అని దీని అర్థం.

ఈ సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో కూలీలు, జీతగాళ్లు వెట్టికి ఎదురు తిరిగి కూలి పెంచమని కదిలినప్పుడు, 1978లో ఆ రెండు తాలూకాలనూ ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కూలి రేటు దొర దయ మీద కాదు, కూలి బలం మీద ఆధారపడుతుందని ఇక్కడి జనం పట్టికలు లేకుండానే తెలుసుకున్నారు. ఇప్పుడది అంకెల్లో కూడా ఉన్నది.

మరి రెండెకరాల రైతు సంగతేమిటి, కూలి పెరిగితే అతను మునగడా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మన ఊళ్లలో రెండెకరాల రైతు ఇంట్లోంచి కూడా కైకిలికి పోతారు. కూలి పెరిగితే ఆ ఇంటికీ వస్తుంది. అతణ్ణి ముంచేది ఎరువుల ధర, కౌలు, గిట్టుబాటు కాని పంట ధర. వాటి మీద రైతూ కూలీ కలిసి కొట్లాడాలి గాని, నాట్లేసే ఆడమనిషి కూలిలో కోత పెట్టి కాదు.

ఇప్పుడు ఈ లెక్క ఎందుకు అవసరమంటే, 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. అందులో పనిదినాలు వంద నుంచి 125 అని రాశారు. కానీ ఖర్చులో 40 శాతం రాష్ట్రాల మీద వేశారు. విత్తే కాలంలో, కోతల కాలంలో మొత్తం 60 రోజుల దాకా ఈ పని ఆపే నిబంధన పెట్టారు. కూలీ "రాను" అనగలిగేది ఎప్పుడు? సరిగ్గా నాట్లప్పుడు, కోతలప్పుడు. సరిగ్గా అప్పుడే ఇంకో పని లేకుండా చేస్తే ఆ 86 రూపాయలు ఎక్కడినుంచి వస్తాయి? ఈ ప్రశ్న ప్రతి గ్రామసభలో లేవాలి. అడ్డం మాట్లాడేవాళ్ల ముందు వాళ్ల పండితుల అంకెలే పెట్టాలి.

మనం చేయవలసింది

ఒకటి. గ్రూపు అప్పు తీసుకునే ముందు వారం కిస్తీని వారాలతో గుణించి, చేతికొచ్చిన సొమ్ముతో పోల్చి చూడాలి. నూటికి ఎంత అని అడిగి ఊరుకోవద్దు, అసలు తగ్గుతున్న కొద్దీ వడ్డీ తగ్గుతుందా లేదా అని అడగాలి. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం వడ్డీ, చార్జీలు అన్నీ మనకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. ఇంటి అప్పులన్నిటి కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగానికి మించరాదు. ముందే తీరిస్తే జరిమానా వేయరాదు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక వసూలుకు ఫోన్లు చేయరాదు. తిట్టడం, బంధువులను వేధించడం నిషేధం.

రెండు. పని కావాలని నోటితో అడిగి రావద్దు. పదిమంది కలిసి దరఖాస్తు రాసి, రశీదు తీసుకోవాలి. రశీదు లేని అడగడం అడగనట్టే లెక్క.

మూడు. సర్వేకు వచ్చేవాళ్లను తరిమేయవద్దు, కూర్చోబెట్టి మూడు మాటలు అడగాలి. ఈ లెక్క ఎవరి కోసం? దీనికి పైసలు పెట్టింది ఎవరు? తేలిందేమిటో తెలుగులో మాకెప్పుడు చదివి వినిపిస్తారు? మా వైపు ఒక సర్వే బృందం నాట్ల రోజుల్లో వచ్చి ఒక్కో ఇంట్లో గంటల తరబడి కూర్చున్నది, కూలి పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఏం తేలిందో ఇంతవరకు చెప్పలేదు. మూడు మాటలకూ జవాబు ఉన్నవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి. అబద్ధం చెబితే నష్టపోయేది మన లెక్కే.

నాలుగు. చదువుకున్న మన పిల్లలు ఇలాంటి ఇంగ్లీషు రాతలను రెండు పేజీల తెలుగులోకి దించి, సంఘం సమావేశంలో చదివి వినిపించాలి. 224 రూపాయల కిస్తీ లెక్క, వందలో 86 రూపాయల లెక్క - ఈ రెండూ కైకిలికి పోయే ప్రతి మనిషికీ నోటికి రావాలి. ఆ రోజు గ్రూపు పెట్టడానికి వచ్చే ఏజెంటు, కూలి తెగ్గోయడానికి వచ్చే ఆసామి ఇద్దరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడతారు.